తక్కువ ధరలో ఔట్‌డోర్ కత్తి: కొనే ముందు ఏం చూడాలి, చేతికొచ్చాక ఎలా పరీక్షించాలి

ట్రెక్కింగ్‌కీ, క్యాంపింగ్‌కీ వెళ్ళేవాళ్ళు తరచూ అడిగే ప్రశ్న: “రెండు మూడు వేలలో అడవిలో పనికొచ్చే కత్తి ఒకటి చెప్పండి.” ఒక మోడల్ పేరు చెప్పేస్తే సరిపోదు. ఆ మోడల్ స్టాకులో ఉండదు, ఉన్నా ధర పెరిగి ఉంటుంది, లేదా అదే బొమ్మతో నకిలీ వస్తుంది. కాబట్టి ఏ కత్తి ముందుకొచ్చినా ఉంచుకోవాలా, పక్కన పెట్టాలా అని మీరే తేల్చుకోగలిగేలా వరస క్రమంలో రాస్తున్నాను.

ఇది మడత కత్తుల గురించి కాదు. బ్లేడు కదలకుండా పిడిలోకి దిగి ఉండే ఫిక్స్‌డ్ బ్లేడ్ కత్తుల గురించి. మడత కత్తికి కీలు ఉంటుంది. అందులో ఇసుక చేరుతుంది, ఎక్కువ బలం పడితే లాక్ జారి వేళ్ళ మీద మూసుకుంటుంది. కూరగాయలకూ తాళ్ళకూ అది చాలు, కట్టె పనికి చాలదు.

మొదటే ఒక మాట. ఈ ధరలో కత్తి తయారుచేసేవాడి దగ్గర ఖర్చుపెట్టడానికి ఉండేది తక్కువ. వెన్ను మీద రంపపు పళ్ళు, పిడిలో దిక్సూచి, బ్లేడు మీద డ్రాగన్ బొమ్మ పెట్టాడంటే ఆ డబ్బు ఉక్కులోంచీ, దాన్ని సరిగ్గా గట్టిపరిచే పనిలోంచీ తీసిందే. చూడటానికి బోసిగా ఉన్న కత్తినే వెతకండి.

1. ముందు చట్టం సంగతి చూసుకోండి

దీన్ని చివర్లో చూద్దాంలే అనుకుంటారు. కానీ కొనే సైజు దీని మీదే ఆధారపడి ఉంటుంది.

1959 నాటి ఆయుధాల చట్టం కింద 2016లో వచ్చిన నిబంధనల్లో ఒక కొలత ఉంది. బ్లేడు 9 అంగుళాల కన్నా పొడవుగానీ, 2 అంగుళాల కన్నా వెడల్పుగానీ ఉంటే ఆ కత్తి ఆయుధాల జాబితాలోకి వస్తుంది. ఇంటి పనికీ, వ్యవసాయానికీ, పరిశ్రమలకూ తయారైనవాటికి మినహాయింపు ఉంది. మనకు కావలసింది దాదాపు 4 అంగుళాల బ్లేడు కాబట్టి ఈ గీతకు చాలా ఇవతలే ఉంటాం. అంతమాత్రాన నడుముకు కట్టుకుని బస్టాండులో తిరగొచ్చని కాదు. పోలీసులు ఆపి అడిగితే సమాధానం చెప్పుకోవాల్సింది మీరే.

అంతకన్నా ముఖ్యమైనది అడవి చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి ఆయుధంతో వెళ్ళాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి కావాలి. ఆ చట్టం ఆయుధాల్లో కత్తులను కూడా చేర్చింది. నేషనల్ పార్కులకూ ఇదే వర్తిస్తుంది. నాగార్జునసాగర్–శ్రీశైలం, అమ్రాబాద్, కవ్వాల్ టైగర్ రిజర్వులకో, పాపికొండల నేషనల్ పార్కుకో వెళ్తుంటే కత్తి ఇంట్లో వదిలేయండి, లేదా ముందుగా ఫారెస్టు వాళ్ళను అడగండి. అభయారణ్యంలో నిప్పు పెట్టడం కూడా నేరమే. కాబట్టి అక్కడ కట్టెలు చీల్చే అవసరమే రాకూడదు.

ప్రయాణానికి ముందు సరిచూసుకోండి:

- విమానంలో క్యాబిన్ బ్యాగులో కత్తి కుదరదు. చెక్-ఇన్ లగేజీలోనే, వరలో పెట్టి, పైన గుడ్డ చుట్టి.
- మెట్రో ఎక్కే దారిలో వెళ్తుంటే సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు. వేరే దారి చూసుకోండి.
- రోడ్డు ప్రయాణంలో నడుముకు కాదు, బ్యాగు అడుగున.
- రెండు వైపులా పదునుండే బాకు ఆకారం అసలు వద్దు. అది పనిముట్టు అని ఎవరినీ నమ్మించలేరు, పైగా వెన్ను మీద బొటనవేలు ఆనించడానికి చోటు ఉండదు.

అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఉండి క్యాంపింగ్ చేసే మనవాళ్ళు తమ రాష్ట్రంలో ఏ కొలతకు అనుమతి ఉందో విడిగా చూసుకోవాలి. అక్కడ రాష్ట్రానికో రకం.

2. కత్తితో చేసే పనులు కాగితం మీద రాయండి

“సర్వైవల్” అన్న మాట వినగానే ఎలుగుబంటితో పోరాటం ఊహించుకుని అడుగు పొడవు కత్తి కొనేస్తారు. నిజంగా దారి తప్పి ఒక రాత్రి బయట గడపాల్సి వచ్చినా కత్తితో చేసేవి చిన్న పనులే:

- తాడు, టార్పాలిన్, గుడ్డ కోయడం
- ఎండు పుల్లను పలచటి పొరలుగా చెక్కి నిప్పు రాజేయడానికి సిద్ధం చేయడం
- మణికట్టు లావు కట్టెను చీల్చి లోపలి పొడి భాగం బయటికి తీయడం
- టెంటు మేకులు చెక్కడం
- ఫెర్రో రాడ్ (గట్టిగా గీస్తే రవ్వలు రాలే లోహపు కడ్డీ) మీద గీసి నిప్పురవ్వలు రప్పించడం
- చేప, కూరగాయలు కోయడం

ఈ జాబితాలో చెట్టు నరకడం లేదు. కొమ్మలు కోయాల్సిన పని ఉంటే చిన్న మడత రంపం తీసుకెళ్ళండి. తోటపని సామాన్ల దుకాణంలో దొరుకుతుంది, తక్కువ శ్రమతో కోస్తుంది, చెయ్యి జారే ప్రమాదమూ తక్కువ. ముళ్ళకంపలు నరకాలంటే మన ఊళ్ళో దొరికే మచ్చుకత్తిని మించింది ఏ బ్రాండులోనూ లేదు. ఒకే కత్తితో అన్నీ చేయాలనుకుంటే ఏదీ సరిగా కాదు.

3. కొలతలు ఖాయం చేసుకోండి

స్కేలు పట్టుకుని చూడాల్సినవి:

- బ్లేడు పొడవు: 9 నుంచి 12 సెంటీమీటర్లు
- వెన్ను మందం: 2.5 నుంచి 4 మిల్లీమీటర్లు
- పిడి: మీ నాలుగు వేళ్ళూ పట్టి, చివర కొంచెం మిగలాలి
- బరువు: వరతో కలిపి పావు కిలో లోపు

అమ్మకం పేజీలో “మొత్తం పొడవు” మాత్రమే ఇచ్చి బ్లేడు పొడవు చెప్పకపోతే అనుమానించండి. మందం చెప్పకపోతే మరీ.

మందం ఎక్కువైతే గట్టి కత్తి అనుకుంటారు. 6 మిల్లీమీటర్ల కత్తి విరగదు, నిజమే. కానీ దానితో కోయబోతే ఉల్లిపాయ తెగదు, పగులుతుంది. పుల్ల చెక్కితే పొర రాదు, పెళ్ళలు ఊడతాయి. స్వీడన్‌లోని మోరా పట్టణంలో తయారయ్యే మోరా కంపానియన్ కత్తి బ్లేడు మందం 2.5 మిల్లీమీటర్లే. అదే కత్తి హెవీ డ్యూటీ రకం 3.2 మిల్లీమీటర్లు. ప్రపంచమంతటా క్యాంపింగ్ నేర్పేవాళ్ళు ఈ సన్నటి కత్తులనే ధైర్యంగా కొత్తవాళ్ళ చేతికిస్తారు.

4. పిడి లోపల ఏముందో తెలుసుకోండి

చవక కత్తుల్లో మోసం జరిగేది ఇక్కడే, కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం. బ్లేడు ఉక్కు పిడిలోకి దిగే భాగాన్ని టాంగ్ అంటారు. బయటికి కనబడదు కాబట్టి ఖర్చు తగ్గించుకోవడానికి అదే అనువైన చోటు.

*ఫుల్ టాంగ్:* ఉక్కు పిడి అంత వెడల్పుతో చివరిదాకా వస్తుంది. రెండు వైపులా చెక్కలు వేసి రివిట్లు కొడతారు. పిడిని పైనుంచి చూస్తే రెండు చెక్కల మధ్య ఉక్కు గీత చుట్టూ కనబడాలి. ఎదురుగా కనబడేదే కాబట్టి కొత్తవాళ్ళకు ఇదే సులువు.

*పిడిలో దాగే టాంగ్:* ఉక్కు సన్నబడి పిడి లోపలికి వెళ్తుంది. మంచి తయారీదారు చేస్తే ఇది బలహీనం కాదు. మోరా కంపానియన్‌లో టాంగ్ పిడి చివరిదాకా రాదు. అయినా పిడి ప్లాస్టిక్‌ను ఉక్కు చుట్టూ బిగువుగా పోత పోస్తారు కాబట్టి మామూలు పనికి ఏళ్ళ తరబడి నిలుస్తుంది. పేరు లేని కత్తిలో ఇదే పద్ధతి ఉంటే మాత్రం లోపల వేలెడు పొడవుందో, గోరెడు ఉందో తెలుసుకునే దారి లేదు.

*తోక టాంగ్:* లోపల పెన్సిలంత సన్నటి కడ్డీ, చివర నట్టు. అలంకరణ కత్తుల్లో ఎక్కువ. వద్దు.

*బోలు పిడి:* పిడిలో అగ్గిపుల్లలు, గాలం, సూది పెట్టుకోవచ్చని అమ్ముతారు. బ్లేడు ఒక గొట్టం మూతికి స్క్రూతోనో జిగురుతోనో అతికి ఉంటుంది. ఈ ధరలో వచ్చేవి రెండో మూడో దెబ్బలకు ఊడతాయి. ఊడిన బ్లేడు ఎటు ఎగురుతుందో చెప్పలేం. అగ్గిపుల్లలకు జేబు ఉంది కదా.

అమ్మేవాడిని ఒకే ప్రశ్న అడగండి: “పిడి చివర ఉక్కు కనబడే ఫోటో పంపగలరా?” ఫుల్ టాంగ్ అని రాసి, ఫోటో పంపకుండా నసిగితే అక్కడితో వదిలేయండి.

ఇంకో చిక్కు ఉంది. కొందరు ఫుల్ టాంగ్ అంటూనే లోపల పెద్ద పెద్ద రంధ్రాలు కొట్టి ఉక్కు మిగుల్చుకుంటారు. బరువు తగ్గించడానికి రంధ్రాలు మంచి కంపెనీలూ పెడతాయి. కానీ బ్లేడు పిడిని కలిసే చోట రంధ్రం ఉండకూడదు. బలమంతా పడేది అక్కడే. అదే చోట లోపలి మూల చాకుతో కోసినట్టు చదరంగా కాకుండా గుండ్రంగా ఉండాలి. చదరపు మూల దగ్గరే పగులు మొదలవుతుంది.

5. ఉక్కు: పేరు లేకపోతే కొనొద్దు

ఈ ధరలో వచ్చే ఉక్కు రెండు రకాలు.

కార్బన్ ఉక్కు (1075, 1095, సి100 వంటివి): బాగా పదునెక్కుతుంది, రాయి మీద త్వరగా అరుగుతుంది, దెబ్బకు ఓర్చుకుంటుంది. కానీ తుప్పు పడుతుంది. 1095లో కార్బన్ సుమారు 0.95 శాతం, 1075లో 0.75 శాతం. కార్బన్ పెరిగే కొద్దీ పదును నిలుస్తుంది, తగ్గే కొద్దీ దెబ్బ ఓర్చుకుంటుంది.

స్టెయిన్‌లెస్ (12సి27, 14సి28ఎన్, 8సిఆర్13ఎంవోవి వంటివి): తుప్పు నెమ్మది, చూసుకోవాల్సిన పని తక్కువ.

నా మాట ఏంటంటే, మొదటి కత్తి స్టెయిన్‌లెస్ తీసుకోండి. మన వానాకాలం, కోస్తా ఉప్పు గాలి, చెమట కలిసి కార్బన్ ఉక్కును ఒక రాత్రిలో ఎర్రగా మారుస్తాయి. వంటింటి కత్తిని కూడా తుడిచి పెట్టే అలవాటున్నవాళ్ళు కార్బన్ తీసుకుని సుఖపడతారు. మిగతావాళ్ళు పడరు.

పారిపోవాల్సిన రాతలు:

- “సర్జికల్ స్టీల్”, “జపనీస్ స్టీల్”, “హై క్వాలిటీ స్టీల్”: ఇవి ఉక్కు పేర్లు కావు.
- “440” అని మాత్రమే: 440ఎ, 440బి, 440సి అని రకాలున్నాయి. ఏదో చెప్పకపోతే మంచిది కాదనే అనుకోండి.
- “420జె2”: తుప్పు పట్టదు గానీ మెత్తన. నాలుగు పుల్లలు చెక్కేసరికి మొద్దుబారుతుంది.
- వేయి రూపాయల “డమాస్కస్” (ఉక్కు పొరలు కలిపి కొట్టడం వల్ల అలలు తేలే బ్లేడు): ఆ అలలు చాలావరకు యాసిడ్‌తోనో లేజర్‌తోనో పైన గీసిన బొమ్మలు.

ఉక్కు గట్టిదనాన్ని హెచ్‌ఆర్‌సి (రాక్‌వెల్ సి కొలమానం) అంకెల్లో చెబుతారు. ఇలాంటి కత్తికి 56 నుంచి 59 మధ్య ఉంటే చాలు. అంతకు బాగా తగ్గితే అంచు వంగుతుంది, బాగా పెరిగితే రాలుతుంది.

6. అంచు ఎలా చెక్కారో చూడండి

కొత్తవాళ్ళకు నేను చెప్పేది స్కాండీ గ్రైండ్. బ్లేడు రెండు వైపులా వెడల్పాటి ఏటవాలు ఒకటే ఉంటుంది, అది నేరుగా పదునులో కలుస్తుంది. కట్టె చెక్కడానికి ఇంతకన్నా అనువైనది లేదు. సాన పట్టేటప్పుడు ఆ ఏటవాలును రాయి మీద పూర్తిగా ఆనిస్తే కోణం దానంతటదే కుదురుతుంది, ఊహించాల్సిన పనిలేదు.

ఫ్లాట్ గ్రైండ్‌లో బ్లేడు వెన్ను వైపు నుంచి అంచు వైపుకు చదునుగా పలచబడుతుంది. ఇది వంటకు బాగుంటుంది, కట్టెకూ ఫర్వాలేదు. హాలో గ్రైండ్‌లో అంచు లోపలికి గుంట తీసినట్టు ఉంటుంది. బాగా తెగుతుంది గానీ కట్టె చీల్చేటప్పుడు నిలవదు.

వెన్ను మీద రంపపు పళ్ళుంటే వద్దు. ఆ పళ్ళు కట్టె కోయవు, వెన్ను మీద కర్రతో కొట్టనీయవు, బొటనవేలు పెట్టనీయవు. పిడి దగ్గర సగం బ్లేడుకు పళ్ళున్నవీ వద్దు. చెక్కే పనికి బలం బాగా వచ్చేది ఆ చోటే, దాన్ని పాడుచేసుకోవడం ఎందుకు?

వెన్ను మూల 90 డిగ్రీలు నిక్కచ్చిగా ఉంటే ఫెర్రో రాడ్ మీద రవ్వలు బాగా రాలతాయి. గుండ్రంగా ఉన్నా బెంగ లేదు. వెన్ను మీద రెండు అంగుళాల మేర ఆకురాయితో చదును చేసుకోవచ్చు. పదునున్న వైపుతో రాడ్‌ను గీసేవాళ్ళను చూస్తే బాధేస్తుంది. కత్తి పదును అక్కడితో ఖతం.

7. పిడి, వర

పిడి గురించి రెండే మాటలు. తడి చేతికి జారకూడదు, వేళ్ళు బ్లేడు మీదికి వెళ్ళకుండా ముందు చిన్న అడ్డు ఉండాలి. వేళ్ళకు గాడులు తీసిన పిడి బొమ్మలో బాగుంటుంది, కానీ ఆ గాడులు ఇంకెవరి వేళ్ళ కొలతకో తీసినవి. రబ్బరు పూత ఉన్న ప్లాస్టిక్ పిడి చవకలో మంచి ఎంపిక.

వర మీద మాత్రం పట్టింపుగా ఉండండి. పడినప్పుడు మిమ్మల్ని కాపాడేది అదే. ప్లాస్టిక్ వర అయితే అడుగున నీళ్ళు పోయే రంధ్రం ఉండాలి. తోలు వర అందంగా ఉంటుంది గానీ వానలో తడిస్తే రోజుల తరబడి తేమ పట్టి ఉంచుతుంది. కార్బన్ కత్తిని తోలు వరలో పెట్టి అటక మీద దాచకూడదు. పలచటి నైలాన్ గుడ్డ వర, లోపల గట్టి ప్లాస్టిక్ లేకపోతే, కత్తి మొన దాన్ని చీల్చుకుని తొడలోకి దిగుతుంది. కత్తి బాగుండి వర బాగాలేకపోతే వర మార్చుకునే ఖర్చును కూడా ధరలో కలిపి లెక్కేయండి.

8. మూడు దారులు, మీకు ఏది నప్పుతుంది

*పేరున్న చవక బ్రాండు.* మోరా, హల్టాఫోర్స్ వంటి స్వీడన్ కత్తులు. అమెరికాలో ఇరవై డాలర్ల అటూ ఇటూ దొరుకుతాయి. ఇక్కడ దిగుమతి వల్ల ధర పెరుగుతుంది, అమ్మేవాళ్ళను బట్టి చాలా తేడా ఉంటుంది, కాబట్టి రెండు మూడు చోట్ల చూడండి. ఎంత వెతికినా చాలామంది చివరికి వచ్చేది ఇక్కడికే. నేనూ మొదట చెప్పేది ఇదే.

*పేరు లేని ఆన్‌లైన్ కత్తి.* బాగున్నవి లేవని కాదు. కానీ పై ఐదు విషయాలూ (కొలత, టాంగ్, ఉక్కు పేరు, గ్రైండ్, వర) స్పష్టంగా రాసి, తిరిగి తీసుకునే గడువు ఇస్తేనే చూడండి.

*కమ్మరి చేత చేయించుకోవడం.* ఊళ్ళో కొలిమి ఉంటే మంచి దారి, కానీ ఏం కావాలో మీకు తెలిసి అడగాలి. లారీ కమాన్ కట్ట ఉక్కు కత్తికి బాగా పనికొస్తుంది. అరిగి విరిగిన కట్టలో కంటికి కనబడని పగుళ్ళుండొచ్చు, కాబట్టి విరిగిన చోటికి దూరంగా ఉన్న ముక్క తీసుకోమనండి. కట్ట మందంగా ఉంటుంది. దాన్ని 4 మిల్లీమీటర్లకు సాగగొట్టాలంటే పనెక్కువ, కూలి దగ్గర బేరమాడొద్దు.

కమ్మరికి చెప్పాల్సినవి:

- కాలుతున్న ఉక్కుకు అయస్కాంతం అంటుకోవడం మానేశాక, ఇంకొంచెం వేడెక్కనిచ్చి ముంచాలి.
- నీళ్ళలో కాదు, నూనెలో. ఈ ఉక్కు నీళ్ళలో ముంచితే పగలవచ్చు.
- ముంచిన వెంటనే కత్తి గాజులా పెళుసుగా ఉంటుంది. మళ్ళీ సన్నటి వేడి మీద, దాదాపు 200 నుంచి 230 డిగ్రీల దగ్గర, నెమ్మదిగా కాచాలి. రుద్ది మెరిపించిన చోట లేత గడ్డి రంగు తేలితే సరి. నీలం తిరిగిందంటే ఎక్కువ మెత్తబడింది.

ఈ రెండో కాచడం చాలామంది వదిలేస్తారు. కొడవలికి నడుస్తుందేమో, కట్టె చీల్చే కత్తికి నడవదు. ఇంట్లో ఓవెన్ ఉంటే కత్తి తెచ్చుకుని 200 డిగ్రీల దగ్గర గంట చొప్పున రెండుసార్లు మీరే కాచుకోవచ్చు. పిడి వేయకముందు చేయాలి సుమా.

9. పార్సిల్ వచ్చిన రోజు

ముందు వీడియో తీస్తూ విప్పండి. తర్వాత ఈ వరసలోనే చూడండి, ఎందుకంటే మొదటి పరీక్షలు కత్తి మీద గీత కూడా పడనీయవు, చివరిది పడనిస్తుంది. గీత పడితే తిరిగి తీసుకోరు.

1. మొన కంటికి దూరంగా పెట్టి వెన్ను వెంట చూడండి. మొన పక్కకు ఒరిగి ఉందా?
2. ట్యూబులైటు కింద అంచు పైకి పెట్టి నిదానంగా తిప్పండి. బాగా తెగే అంచు కంటికి కనబడదు. ఎక్కడైనా తెల్లటి చుక్కో సన్నటి గీతో మెరిసిందంటే అక్కడ మొద్దుగానో, వంగిపోయిగానో, పెచ్చు ఊడిగానో ఉంది.
3. రెండు వైపులా ఏటవాలు ఎత్తు సమానంగా ఉందా? ఒకవైపు వెడల్పు, ఒకవైపు సన్నం అయితే కోత పక్కకు లాగుతుంది.
4. పిడికీ బ్లేడుకీ మధ్య కాగితం దూరుతుందా? దూరితే నీళ్ళూ దూరతాయి.
5. పిడి పట్టుకున్న పిడికిలిని రెండో అరచేత్తో తట్టండి. లోపల ఏదైనా కదిలిన చప్పుడు వస్తే వెంటనే వాపసు.
6. కత్తి వరలో పెట్టి మంచం మీద తలకిందులుగా ఊపండి. జారి పడకూడదు. అలాగని రెండు చేతులతో పెనుగులాడాల్సి రాకూడదు.
7. న్యూస్‌పేపర్ అంచు మీద పెట్టి లాగండి. పిడి దగ్గర్నుంచి మొన దాకా ఒకే తీరుగా తెగాలి.
8. ఉంచుకోవాలని దాదాపు నిర్ణయించుకున్నాక, పిడి దగ్గర వెన్ను మీద ఆకురాయితో తేలిగ్గా ఒకసారి రుద్దండి. జారిపోతే గట్టిపడిన ఉక్కు. సబ్బు మీద గీసినట్టు కొరికితే మెత్తటిది. కమ్మరి కత్తుల్లో వెన్ను కావాలనే మెత్తగా ఉంచుతారు, అలాంటివాటికి అంచు దగ్గర చూడాలి.

అయస్కాంతం అంటుకుందా లేదా అన్న పరీక్ష దండగ. కత్తికి వాడే స్టెయిన్‌లెస్ ఉక్కులకు కూడా అది అంటుకుంటుంది.

10. కట్టె మీద పరీక్ష

అడవికి వెళ్ళేముందు పెరట్లోనే చేయండి. పక్కన బ్యాండేజీ, శుభ్రమైన గుడ్డ ఉండాలి. చెయ్యి చాచి చుట్టూ తిరిగితే ఎవరూ తగలనంత చోటు ఉండాలి. తొడల మధ్య కట్టె పెట్టుకుని చెక్కొద్దు. తొడ లోపలి వైపు పెద్ద రక్తనాళం ఉంటుంది, అక్కడ తెగితే ఆసుపత్రికి చేరే సమయం కూడా ఉండకపోవచ్చు. మోకాళ్ళకు బయటి వైపు చెక్కండి.

ఎండు సరుగుడు లేదా వేప పుల్ల తీసుకుని ఒక పావుగంట పలచటి పొరలు చెక్కండి. మళ్ళీ ట్యూబులైటు కింద అంచు చూడండి, న్యూస్‌పేపర్ కోయండి.

- ఇంకా తెగుతుంటే మంచి కత్తి.
- అంచు ఒకవైపు వాలి మెరుస్తుంటే ఉక్కు మెత్తన, లేదా కోణం మరీ సన్నం.
- చిన్న పెచ్చులూడితే పెళుసు.

కానీ తీర్పు తొందరపడి ఇవ్వకండి. ఫ్యాక్టరీలో చివరి పదును పెట్టేటప్పుడు అంచు వేడెక్కి పైపొర మెత్తబడి ఉండొచ్చు. రెండుసార్లు సాన పట్టాక అదే కత్తి మెరుగ్గా నిలవడం మామూలే. మొదటి పరీక్షకే వెదురు తీసుకోవద్దు. వెదురులో సిలికా ఉంటుంది, మంచి కత్తినీ మొద్దుబారుస్తుంది.

తర్వాత కట్టె చీల్చడం. కట్టె లావు బ్లేడు పొడవు కన్నా కనీసం మూడు సెంటీమీటర్లు తక్కువ ఉండాలి, ముడులు ఉండకూడదు. కట్టె నిలబెట్టి, పైన బ్లేడు ఆనించి, వెన్ను మీద కర్రతో కొట్టాలి. రాయితోనో సుత్తితోనో కాదు. ఇరుక్కుంటే పిడి పట్టుకుని అటూ ఇటూ మెలిపెట్టకండి. మొన వైపు బయటికి ఉన్న వెన్నును కొడుతూ కిందికి దింపండి. టాంగ్ చివరిదాకా లేని కత్తులతో ఈ పని రెండు వేళ్ళ లావు పుల్లలకే పరిమితం చేసుకోండి.

11. సాన రాయి కూడా అదే బడ్జెట్‌లో

మూడు వేలు ఉంటే కత్తికి మూడు వేలూ పెట్టకండి. రెండు వైపులా గరుకు వేరుగా ఉండే రాయి (గ్రిట్ అంకె ఒకవైపు 400, ఒకవైపు 1000 అటూ ఇటూ; అంకె పెరిగే కొద్దీ రాయి సన్నం), పాత తోలు బెల్టు ముక్క ఉంటే చాలు.

స్కాండీ అయితే ఏటవాలును రాయికి ఆనించి, పిడి నుంచి మొన దాకా నడపండి. మిగతా గ్రైండ్లకు ఒక్కో వైపు 20 డిగ్రీలు. కోణమానిని అక్కర్లేదు. బ్లేడు వెడల్పు 25 మిల్లీమీటర్లయితే వెన్ను రాయి మీంచి 8–9 మిల్లీమీటర్లు లేచి ఉంటే దాదాపు 20 డిగ్రీలే.

ఒకవైపు రుద్దుతూ మధ్యలో రెండోవైపు అంచు నుంచి బయటికి బొటనవేలి గోరు మెల్లగా లాగి చూడండి. గోటికి సన్నగా ఏదో తగులుతుంది. అది పొడవునా తగిలేదాకా వైపు మార్చొద్దు. చాలామందికి పదును రాకపోవడానికి కారణం ఇదే: లెక్కపెట్టి పది సార్లు ఇటు, పది సార్లు అటు రుద్ది ఆపేస్తారు. రెండు వైపులా ఇలా వచ్చాక సన్నరాయి మీద తేలిగ్గా, చివర బెల్టు మీద వెనక్కి లాగుతూ ముగించండి.

వీధిలో తిరిగే సాన చక్రానికి ఇవ్వకండి. పొడి చక్రం మీద రవ్వలు లేచేలా పట్టి ఉంచితే అంచు నీలం తిరుగుతుంది. ఆ మేర గట్టిదనం పోయినట్టే, రాయి మీద అరగదీసి తీసేయడం తప్ప దారి లేదు.

12. తరచూ ఎదురయ్యే తిప్పలు

*కార్బన్ బ్లేడు నల్లగా, నీలంగా మారింది.* మామిడికాయో నిమ్మకాయో కోస్తే అలాగే అవుతుంది. కంగారుపడి తోమకండి, ఆ పొర తుప్పును కొంతవరకు ఆపుతుంది. ఎర్రటి తుప్పు కనబడితే మాత్రం సన్నటి ఎమరీ పేపర్‌తో తీసేసి కొబ్బరినూనె పలచగా పూయండి. తిండికి వాడే కత్తికి మెషిన్ ఆయిల్ వద్దు.

*స్టెయిన్‌లెస్ మీద కూడా చుక్కలు పడ్డాయి.* సముద్రతీరంలో వాడి అలాగే వరలో పెట్టి ఉంటారు. మంచినీళ్ళతో కడిగి, కత్తినీ వరనూ విడివిడిగా ఆరబెట్టాలి.

*మొన విరిగింది.* డబ్బా మూత పెకలించడానికో, నేలలో గుచ్చడానికో వాడితే అంతే. విరిగిన చోటును పదును వైపు నుంచి కాకుండా వెన్ను వైపు నుంచి అరగదీయండి, అంచు వంపు చెడకుండా కొత్త మొన వస్తుంది. మధ్య మధ్య నీళ్ళలో ముంచుతూ చేయాలి.

*రివిట్ వదులైంది.* చెక్క ఆరి కుంచించుకుపోయి ఉంటుంది. చెక్కలు విప్పి, రెండు భాగాల ఎపాక్సీ జిగురు రాసి, మళ్ళీ బిగించి ఒక రోజు కదపకుండా ఉంచండి. వట్టి సుత్తితో రివిట్‌ను ఇంకా బాదితే చెక్క పగులుతుంది.

*అరగంట చెక్కితే అరచేయి బొబ్బలెక్కుతోంది.* పిడి మూలలు చదరంగా ఉన్నాయి. చెక్క పిడి అయితే ఎమరీ పేపర్‌తో గుండ్రం చేయండి. ప్లాస్టిక్ అయితే సైకిల్ ట్యూబు ముక్క తొడగండి. అది మరీ బిగువుగా ఉంటే లోపల సబ్బునీళ్ళు రాసి ఎక్కించండి, ఆరాక కదలదు.